కాంట్రాక్టర్ ఎంపీగా పోటీ చేయాలంటే

ప్రశ్న: సొంత పేరు మీద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్మాణ పనులు చేస్తున్నాను. లోక్‌సభకు పోటీ చేయొచ్చా? వ్యాపారం మానుకోవాలా?

జవాబు: వ్యాపారం మానక్కర్లేదు. చిక్కల్లా కాంట్రాక్టులతోనే. కేంద్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే, లేదా దాని పనులు చేసే ఒప్పందం మీకు ఇంకా నడుస్తుంటే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ కింద అనర్హులవుతారు. రాష్ట్రం పనులు ఎంపీ పోటీకి అడ్డు కావు. ఎమ్మెల్యేగా నిలబడితే మాత్రం ఆ రాష్ట్రం పనులే అడ్డు. మీ వంతు పని పూర్తిచేసి, బిల్లు ఒక్కటే రావలసి ఉంటే భయం లేదు.

బోల్తా కొట్టేది తేదీల దగ్గర. నామినేషన్ల పరిశీలన రోజుకల్లా ఒప్పందం ముగిసి ఉండాలి. ‘రద్దు చేయండి’ అని మీరు ఉత్తరం పెట్టినంత మాత్రాన సరిపోదు, శాఖ ఒప్పుకున్నట్టు కాగితం చేతిలో ఉంచుకోండి. ప్రత్యర్థి వకీలు మొదట వెతికేది దాన్నే!

నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణపత్రం, అంటే ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, ప్రభుత్వ కాంట్రాక్టులు అన్నీ చూపాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయండి. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. ఎన్నికల ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు.