ప్లూటో ‘పోయిందా’?

సందేహం: మాది అనంతపురం దగ్గర పల్లె. ఐదో తరగతి పిల్లలకు ప్లూటో గురించి చెబుతూ ‘‘ఒకప్పుడు నవగ్రహాల్లో ఉండేది, 2006లో పోయింది’’ అన్నాను. ‘‘గుళ్లో ఇంకా తొమ్మిదీ ఉన్నాయి కదా మేడమ్?’’ అని ఓ పాప అడిగింది. నా మాటలో తప్పుందా? ప్లూటో తిరుగుతున్నాడు అనాలా, తిరుగుతోంది అనాలా?
– ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ఆ పాప చాలా మంచి ప్రశ్న వేసింది. ‘నవగ్రహాలు’ అనేది జ్యోతిషంలో ఏనాడో స్థిరపడిన పేరు. అందులో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, రాహుకేతువులున్నాయి. మనం నిలబడ్డ భూమి లేదు. ఖగోళశాస్త్రంలో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. రాహుకేతువులు సూర్యచంద్రుల దారులు ఖండించుకునే చోట్లు. కంటికి కనబడని ప్లూటోను 1930లో అమెరికాలో క్లైడ్ టాంబో ఫొటోలు పోల్చి చూసి కనిపెట్టాడు. గుళ్లోని తొమ్మిదింట్లో అది ఎన్నడూ లేదు. అప్పటి సైన్సు లెక్క కూడా తొమ్మిదే కావడంతో రెండూ కలిసిపోయాయి. పాఠంలో అప్పటి లెక్క చెప్పేటప్పుడు ‘తొమ్మిది గ్రహాలు’, ఇప్పటి లెక్కకైతే ‘ఎనిమిది గ్రహాలు’ అనండి. నవగ్రహాలు అన్న మాటను గుడికే ఉంచండి.

‘పోయింది’ అన్న క్రియ దగ్గర నాకు ఇంకా పట్టింపు ఉంది. మన భాషలో పోవడమంటే తప్పిపోవడం, చనిపోవడం కూడా. ఐదో తరగతి పిల్లలు దాన్ని అలాగే తీసుకుంటారు. ‘తీసేశారు’ అన్నా ఏదో తప్పు చేస్తే బయటికి పంపినట్టే ఉంటుంది. ‘గ్రహాల లెక్కలోకి రాదు’ అంటే సరిపోతుంది. మారింది మన లెక్కే. ప్లూటో మాత్రం సుమారు 248 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టివస్తూనే ఉంది. ప్లూటోను చూడటానికి న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2006 జనవరిలో బయల్దేరినప్పుడు ప్లూటో గ్రహమే. ఆగస్టులో లెక్క మారింది. నౌక ఆగలేదు, 2015 జులైలో దాని పక్కనుంచి వెళ్తూ గుండె ఆకారంలో మెరిసే మంచు మైదానాన్ని ఫొటో తీసింది. ఆ ఫొటో తప్పకుండా చూపించండి.

‘చిన్నది కాబట్టి గ్రహం కాదు’ అని చాలామంది చెబుతారు. అది సరికాదు. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన దారిలో తనదే పైచేయి కావాలి – ఇవీ షరతులు. మొదటి రెండూ ప్లూటోకు ఉన్నాయి. మూడోది లేదు, దాని దారి పొడవునా అలాంటి మంచు ముద్దలు ఎన్నో ఉన్నాయి. అందుకే ‘మరుగుజ్జు గ్రహం’. మీ పిల్లలకు ఆ మాట కొత్తగా ఉంటే మొదట ‘గిడ్డ గ్రహం’ అనండి, టక్కున అర్థమవుతుంది. తర్వాత పుస్తకంలోని మాట అలవాటు చేయండి.

దూరం చెప్పడానికి మీ ప్రాంతమే చాలు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మూడంతస్తుల ఇల్లంత సూర్యుణ్ణి పెడితే, కిలోమీటరు దూరంలో భూమి పెద్ద చీనీకాయంత ఉంటుంది. ప్లూటో చింతగింజంత. దాన్ని పెట్టడానికి దాదాపు ధర్మవరం దాకా పోవాలి! అంత దూరాన వేడి ఏముంటుంది? సున్నాకు కింద 230 డిగ్రీల దాకా చలి. మనం పీల్చే గాలిలోని నైట్రోజనే అక్కడ గడ్డకట్టి ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ‘తిరుగుతోంది’ అనాలి. స్త్రీలు, జంతువులు, ప్రాణం లేనివి కాక మిగిలినవాటిని చెప్పే మాటలు మహత్తులని బాలవ్యాకరణం అనే తెలుగు వ్యాకరణ గ్రంథం చెబుతుంది. వాటికే ‘వచ్చాడు’ లాంటి క్రియ చేరుతుంది. సూర్యుడు, చంద్రుడు దేవుళ్లుగా మన మాటల్లోకి వచ్చారు కనుక ‘చంద్రుడు వచ్చాడు’ అంటాం. ప్లూటో రోమన్ల పాతాళ దేవుడి పేరే అయినా, మనకు సైన్సు పాఠంలోనే పరిచయం. చివర ‘డు’ కూడా లేదు. భూమి తిరుగుతోంది అన్నట్టే ప్లూటో తిరుగుతోంది. కథగా చెప్పేటప్పుడు ‘ప్లూటో తాత వస్తున్నాడు’ అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఒకే కథలో ‘వచ్చాడు’, ‘వెళ్లింది’ అని కలపొద్దు.

మీ ఉత్తరంలో రెండుచోట్ల ‘ఫ్లూటో’ అని పడింది, పైన సరిదిద్దాను. పకు లవత్తే, ఫ కాదు. బోర్డు మీద రాసేటప్పుడు, 1930లో ఆ పేరు సూచించింది ఇంగ్లండులో 11 ఏళ్ల పాప వెనీషియా బర్నీ అని కూడా చెప్పండి.