అడగండి చెప్తా: 3000 పెట్టి 30ని దాచేశారు

ప్రశ్న: అన్నా, నేను ఘట్‌కేసర్ దగ్గర బీటెక్ మెకానికల్ ఫైనలియర్. రైలు పట్టాల థర్మిట్ వెల్డింగ్ (అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ మండించి, వచ్చిన కరిగిన స్టీల్‌ని రెండు పట్టాల మధ్య పోసి అతికించుడు) మీద సిమ్యులేషన్ ప్రాజెక్ట్ తీసుకున్నం. మీటరుకి 60 కేజీలుండే పట్టా, 25 మిల్లీమీటర్ల గ్యాప్, టూడీలో పైథాన్‌ల రాసినం. కరిగిన స్టీల్ 3000 డిగ్రీలు, పట్టా 30 డిగ్రీలు పెట్టినం. రన్ చేస్తే వెల్డ్ 40 సెకన్లకే గట్టిపడిపోతుంది, గైడ్ సార్ ఇది తప్పు, ఎక్కడుందో మీరే ఎతుక్కోండి అన్నరు. వచ్చే వారమే రివ్యూ, జర చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, సార్ చెప్పింది కరెక్టే, కాకపోతే తప్పు ఒకటి కాదు మూడున్నాయి, అందులో ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తోంది, అందుకే మీకు దొరకట్లేదు.

ముందు ఆ 3000 సంగతి చూద్దాం. అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిసి మండితే థియరీ ప్రకారం దాదాపు అంత వేడి వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఆ వేడిలో చాలా భాగం క్రూసిబుల్ (పొడి మండే కుండ) గోడలకి, పైన తేలే స్లాగ్ అనే మడ్డికి, ఆ పొడిలో కలిపిన స్టీల్ ముక్కలు కరగడానికి పోతుంది. 160 గ్రాముల ఆక్సైడ్, 54 గ్రాముల అల్యూమినియం తీసుకుంటే వచ్చే ఇనుము 112 గ్రాములే, మిగతా 102 గ్రాములు అల్యూమినా, అదీ వేడిని మోసేదే కదా. గ్యాప్ చుట్టూ కట్టిన మోల్డ్ (అచ్చు)లోకి దిగేసరికి స్టీల్ 2000 పైచిలుకు ఉంటుంది, మీరు 2000 అనుకోండి చాలు.

ఇప్పుడు కంప్యూటర్ పక్కనపెట్టి కాగితం మీద చిన్న లెక్క వెయ్యండి. ఒకే రకం లోహం, ఒకటి వేడిది ఒకటి చల్లది, ఆనుకున్న క్షణంలో ఆనిన చోట టెంపరేచర్ రెండిటికీ సగటు. గుప్తోష్ణం (కరగడానికి తీసుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి) పక్కన పెట్టిన ముతక లెక్కే అనుకోండి, కానీ దారి చూపిస్తుంది. మీ లెక్కన 3000, 30కి సగటు 1515, పట్టా స్టీల్ 1470 దగ్గర పూర్తిగా కరుగుతుంది కాబట్టి మీ పట్టా అంచు కరిగినట్టే కనిపించింది, మీరు సంతోషపడ్డారు. 3000 తీసి 2000 పెడితే సగటు 1015, అంటే అంచు అసలు కరగదు, పోసిన స్టీల్ పక్కన అతుక్కున్నట్టు నిలబడి ఉంటుందంతే. అందుకే పోసేముందు పట్టా కొసల్ని బర్నర్‌తో 1000 దాకా కాలుస్తారు, అప్పుడు సగటు 1500. ప్రీహీటింగ్ ఎందుకో ఈ ఒక్క లైన్లో తెలిసిపోతుంది, మీరు 3000 పెట్టి దాని అవసరాన్నే మాయం చేసేశారు, పట్టాకి 30 పెట్టిన రెండో తప్పు కనిపించకుండా పోయింది.

మూడోది గుప్తోష్ణం. స్టీల్ గడ్డకట్టేటప్పుడు కిలోకి సుమారు 270 కిలోజౌళ్లు వదులుతుంది, స్పెసిఫిక్ హీట్ 0.7 అనుకుంటే అది దాదాపు 385 డిగ్రీలు చల్లబడినంత వేడి! అది కోడ్‌లో లేకపోతే వెల్డ్ తొందరగా గట్టిపడక ఏం చేస్తుంది. ఎంథాల్పీ పద్ధతిలో (టెంపరేచర్ బదులు గుప్తోష్ణంతో సహా మొత్తం వేడిని లెక్కపెట్టడం) రాయండి, సులువు. ఇంకోటి, ఎక్స్‌ప్లిసిట్ స్కీమ్ (ఇప్పటి విలువల నుంచే తర్వాతి క్షణం విలువలు నేరుగా లెక్కేసే పద్ధతి) అయితే టూడీలో 1 మిల్లీమీటర్ గడికి టైమ్ స్టెప్ 0.04 సెకన్లు దాటితే నంబర్లు పిచ్చి పట్టినట్టు ఎగురుతాయి, అదీ చూసుకోండి.

అసలు కష్టం ఇక్కడుంది. పట్టా అంతా సమానంగా 1000 ఉండదు. చక్రం నడిచే పైభాగం హెడ్ లావు, మధ్య గోడ వెబ్ సన్నం, అడుగుభాగం ఫుట్ వెడల్పుగా పోయి అంచులో పల్చబడుతుంది, మంట పైనుంచి దిగుతుంది కాబట్టి ఫుట్ మూలలు వెనకబడొచ్చు. అక్కడ 700 మాత్రమే ఉందనుకోండి, సగటు 1350, కరగలేదు. కరగని ఆ చోటే తర్వాత రైళ్ల బరువుకి పగులు మొదలయ్యే చోటు, పైకి చూస్తే ఏమీ కనిపించదు, అల్ట్రాసోనిక్ టెస్టింగ్ (ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లు వెతకడం) చేసేవాళ్లు కూడా ఫుట్ మూల కోసం వేరే ప్రోబ్ పట్టుకుని తంటాలు పడతారు. నన్నడిగితే సిమ్యులేషన్ ఉపయోగమంతా ఆ మూల దగ్గరే, రంగురంగుల బొమ్మలకి కాదు. కాబట్టి టూడీ వదిలి త్రీడీకి రండి, గ్యాప్ మధ్యలో ఒక కోత, పట్టా పొడవునా ఒక కోత, సిమెట్రీ వల్ల పావు భాగం చేస్తే సరిపోతుంది, మీ ల్యాప్‌టాప్ కూడా బతుకుతుంది.

ప్రీహీట్ ఎంతసేపో కూడా ముఖ్యం. ఆక్సీ ఎల్పీజీతో రెండు రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది, పాత గాలి పెట్రోల్ బర్నర్ అయితే పది నిమిషాల పైమాటే. వేడి పాకే దూరం టైమ్‌కి వర్గమూలం లెక్కన పెరుగుతుంది, నాలుగింతల సేపు కాలిస్తే రెండింతలు లోపలికి పోతుంది. అందుకని రెండు పద్ధతుల్లోనూ కొస ఒకేలా ఎర్రగా కనిపించినా వెనకాల వేడి ఒకటి కాదు, చల్లబడే తీరూ ఒకటి కాదు.

ఒక రాత్రి లింగంపల్లి వైపు, పర్మిషన్ తీసుకునే లెండి, బ్లాక్‌లో (పని కోసం రైళ్లు ఆపే టైమ్‌లో) పట్టాల పనివాళ్ల గ్యాంగ్ పక్కన నిలబడి చూశాను. మోల్డ్‌కి పట్టాకి మధ్య సందుల్ని తడి ఇసుక ముద్దతో బొటనవేలితో నొక్కి నొక్కి మూస్తున్నాడు ఒకాయన, బర్నర్ దగ్గరున్నాయన చేతిలో స్టాప్‌వాచ్. రంగు చూసి తెలీదా అన్నా అంటే "టార్చ్ లైట్ పడితే ఒక రంగు, పడకపోతే ఒక రంగు, టైమే నమ్మాలె సార్" అన్నాడు. మీ మోడల్‌కి కావాల్సిన ఇన్‌పుట్ ఆయన చేతిలో ఉంది. మీ కాలేజీ నుంచి లెటర్ పెట్టించుకుని ఒక్క ముక్క పట్టాకి నాలుగైదు థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) కట్టి ప్రీహీట్ రీడింగ్ తీసుకోగలిగితే ఆ ఒక్క గ్రాఫ్ మీ రిపోర్టులో మిగతా అరవై పేజీల కంటే ఎక్కువ.

ప్రశ్న: మా ఇల్లు మౌలాలి లైన్ పక్కనే. రాత్రి పట్టాల మీద పొడి పోసి అంటించారు, భగ్గుమంది. ఇదేమైనా కొత్త టెక్నాలజీయా అండీ?

జవాబు: కొత్తదేం కాదండీ, జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంట్ తీసుకున్నాడు, 1899లో ఎస్సెన్ ఊళ్లో ట్రామ్ పట్టాలు దీంతోనే అతికారు. కరెంటు అక్కర్లేదు, సామానంతా నలుగురు మోసుకుపోవచ్చు, అందుకే ఇంకా నడుస్తోంది. కొత్తదల్లా కంప్యూటర్లో ముందే చూసుకోవడం.

ప్రశ్న: యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ట్రై చేద్దామనుకుంటున్నా, కొంచెం చేస్తే పర్లేదా?

జవాబు: వద్దు. నీళ్లు పోస్తే ఆరదు, పైగా తడి తగిలితే కరిగిన ఇనుము ఎగిరి మొహాన పడుతుంది.