కమ్యూనిటీ కాలేజీలో అగ్రికల్చరల్ ఎకనామిక్స్: ముందు ఫీజు లెక్క

తమ్ముడూ, అగ్రికల్చరల్ ఎకనామిక్స్ కోసం కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, తర్వాత యూసీ డేవిస్ (డేవిస్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)కి మారతానని నీ ప్రశ్నలో రాశావు. మంచి దారే. నేనూ ఆ దారినే వచ్చి నిలబడ్డాను. కానీ ఇంత పెద్ద ప్రశ్నలో డబ్బు గురించి ఒక్క వాక్యమే రాశావు. నాకు భయం వేసింది అక్కడే.

కమ్యూనిటీ కాలేజీ ఫీజుల పట్టికలో యూనిట్‌కి (అంటే ఒక్కో క్రెడిట్‌కి) 46 డాలర్లు అని చూసి నేను మా నాన్నకి ఫోన్ చేసి ధైర్యం చెప్పాను. అది కాలిఫోర్నియా వాళ్ల ఫీజు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు దానిపైన నాన్ రెసిడెంట్ ఫీజు కూడా కట్టాలి, అది ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా సెమిస్టర్‌కి 12 యూనిట్లకు తగ్గకూడదు. మిగతా వీసా రూల్స్ కాలేజీ వాళ్లే చెబుతారు.

అంతకన్నా పెద్ద తప్పు, పల్నాడు మిర్చి రైతు కొడుకుని కదా అని ట్రాక్టర్లు, నీటి పారుదల కోర్సులు ఇష్టంగా తీసుకోవడం. డేవిస్‌లో మన సబ్జెక్టుకి మేజర్ పేరు మేనేజీరియల్ ఎకనామిక్స్. దానికి కావలసింది మైక్రో, మాక్రో, కాల్‌క్యులస్, స్టాటిస్టిక్స్. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. నేను చూడలేదు. ఒక సెమిస్టర్ అదనంగా పడింది, నాన్న అరెకరం అమ్మి పంపారు. ఆ పొలం ఇప్పటికీ మళ్లీ కొనలేకపోయాను.

క్లాసులో మొదటి పని బాదం తోటకి బడ్జెట్ రాయడం. ఎరువులు, నీళ్లు, కూలీలు రాసిచ్చాను. ప్రొఫెసర్ తిప్పి పంపారు: ఇంటివాళ్ల కష్టం, సొంత భూమికి వచ్చే కౌలు, పెట్టుబడి మీద వడ్డీ ఎక్కడున్నాయని అడిగారు. మద్దతు ధర గొడవల్లో మనం వినే సీ2 ఖర్చు అదేనని నాకు అప్పుడు తెలిసింది. నాన్న ఏనాడూ తన కష్టాన్ని లెక్కలో రాయలేదు.

బాదం కాపుకొచ్చేది మూడో ఏటే, అప్పటిదాకా ఖర్చే. నీ చదువూ అంతే. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని దొరికినా నాకు సరుకులకే సరిపోయింది, ఫీజుకి కాదు. అందుకే నాలుగేళ్లకీ సెమిస్టర్‌వారీగా ఫీజు, అద్దె, ఇన్సూరెన్స్, అప్పు మీద వడ్డీ ఒక కాగితం మీద రాయి. మీ నాన్నగారికి చూపించి, తర్వాత నాకు పంపు. టికెట్ కొనేలోపు నేను చూసి చెబుతాను.