ఇంట్లో కూర్చుని గీస్తోంది, దీన్ని ఉద్యోగమంటారా?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అమ్మాయి సివిల్ బీటెక్ పూర్తిచేసి ఏడాది దాటింది. ఇంటినుంచే ఇంటీరియర్ కాంట్రాక్టర్లకు డ్రాయింగులు, త్రీడీలు చేసిస్తోంది. ఒక నెల 28 వేలు వస్తే మరో నెల 6 వేలు. హైదరాబాద్‌లో 22 వేలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వస్తే వెళ్లనంటోంది. విదేశీ క్లయింట్లను తెచ్చుకోవడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు 65 వేలట, చేర్పించమంటారా? మా ప్లాంట్ వాళ్లు ముగ్గురికి ఇంటి ప్లాన్లు గీసిచ్చింది, తెలిసినవాళ్లని డబ్బులు తీసుకోలేదు. ఉద్యోగం మంచిదా, ఇది మంచిదా? సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: సంబంధాల మాట చివర్లో రాశారు గానీ ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఆ 22 వేలకు ఒక కంపెనీ పేరుంది, ఒకటో తారీఖుంది. మీ అమ్మాయి సంపాదనకు ఆ రెండూ లేవు. మీ బెంగ అదే. ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను, బెంగలో తప్పు లేదు. కానీ సివిల్ చదివి, ఏడాదిగా సివిల్ పనే చేస్తున్న పిల్ల టెస్టింగ్‌కి వెళ్తే హాస్టల్‌కీ తిండికీ పోను మిగిలేదెంత? పీఎఫ్, పేస్లిప్పు ఉంటాయి, నిజమే. రెండేళ్ల తర్వాత సివిల్‌కి తిరిగి రావాలంటే మాత్రం మళ్లీ మొదటి మెట్టే. నేనైతే ఆ ఉద్యోగం వద్దంటాను.

అలాగని ఫ్రీలాన్సింగ్‌ని నెత్తిన పెట్టుకోను. ముందు ఆ 65 వేల కోర్సు సంగతి. వద్దు. అలాంటి చోట్ల నేర్పేది చాలావరకు ప్రొఫైల్ రాయడం, అది యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో క్లయింట్లను కలిపే ఫైవర్ అనే ప్లాట్‌ఫామ్ వంద రూపాయల పనిలో ఇరవై తనే పట్టుకుంటుంది. రివ్యూలు లేని కొత్తవాళ్లు అక్కడ రేటు తగ్గించుకునే పోటీలో ఇరుక్కుంటారు. మధురవాడలో ఫ్లాటుకు టేపు పట్టుకుని వెళ్లి కొలవగలగడం మీ అమ్మాయి బలం. ఆ కోర్సు సరిగ్గా ఆ బలాన్నే పక్కన పెట్టిస్తుంది.

నా అసలు అనుమానం వేరే. కాలేజీ నుంచి నేరుగా ఇంట్లో కూర్చుని గీసేవాళ్ల తప్పులు దిద్దేవాళ్లుండరు. స్విచ్‌బోర్డు మీద వార్డ్‌రోబ్ వస్తుంది. బీమ్ ఎంత కిందికి దిగిందో కొలవకుండా ఫాల్స్ సీలింగ్ గీస్తారు. ఆఫీసులో అయితే సీనియర్ ఎర్రపెన్నుతో దిద్దుతాడు. ఇంట్లో అయితే ప్లైవుడ్ కోసేశాక కార్పెంటర్ పట్టుకుంటాడు. కాంట్రాక్టర్ ఏమీ అనడు, మళ్లీ ఫోన్ చేయడు, అంతే. అందుకే వారానికి మూడు రోజులు, కనీసం ఏడాదిపాటు, విశాఖలోనే ఒక ఆర్కిటెక్ట్ దగ్గరో, కన్సల్టెన్సీలోనో చేరమనండి. జీతం తక్కువైనా ఫర్వాలేదు. ఇంకో లాభం కూడా ఉంది. విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) ప్లాన్ అప్రూవల్‌కి లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ సంతకం కావాలి. అది లేనంతకాలం గీసేది ఈమె, ఫీజు తీసుకునేది సంతకం పెట్టినాయన. తన పేరున లైసెన్సు తెచ్చుకోవడమే ఈ వృత్తిలో ఆమె లక్ష్యం కావాలి.

డబ్బు విషయంలో చాలామంది దెబ్బతినేది రేటు దగ్గర. నెలకు చేతికి 25 వేలు, ల్యాప్‌టాప్ తరుగు, సాఫ్ట్‌వేర్, నెట్, పెట్రోలు, హెల్త్ పాలసీకి 7 వేలు అనుకుందాం, మొత్తం 32 వేలు. పూర్తికాలం ఇదే చేసినా, నెలలో పనిదినాలు 22 ఉన్నా బిల్లు వేయగలిగేవి పన్నెండే. మిగతావి సైటుకి తిరగడానికి, కొటేషన్లకి, బాకీ అడగడానికి పోతాయి. అంటే రోజుకు దాదాపు 2,700 రావాలి. రెండు రోజులు పట్టే బెడ్‌రూమ్ డ్రాయింగు 1,500కి చేస్తుంటే ఎంత కష్టపడినా నిలదొక్కుకోలేదు. ఇంకొకటి, ఆటోక్యాడ్ స్టూడెంట్ లైసెన్సుతో డబ్బు తీసుకునే పని చేయకూడదు. లైసెన్సు కొనలేకపోతే డ్రాయింగులకి లిబ్రెక్యాడ్, త్రీడీకి బ్లెండర్ ఉచితం.

పని మొదలుపెట్టేముందు 40 శాతం, మొదటి డ్రాఫ్టుకి 40, చివరి 20 అందాకే మార్పులు చేసుకోగలిగే అసలు డ్రాయింగు ఫైలు. అప్పటిదాకా వాటర్‌మార్కుతో పీడీఎఫ్ చాలు. రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి డబ్బు. ఇదంతా ముందే వాట్సాప్‌లో రాసి, కాంట్రాక్టర్ చేత ‘ఓకే’ అనిపించుకోవాలి. నోటిమాట మీద నడిస్తే మార్పులకు అంతుండదు.

ఒక నెల 28, మరో నెల 6 అన్నారు కదా. ఏ నెలలో ఏమొచ్చిందో పంచాంగంతో పోల్చి చూడండి. ఆషాఢంలో, మూఢంలో గృహప్రవేశాలుండవు. శ్రావణానికో మాఘానికో ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ముందు నెలల్లోనే డ్రాయింగులకి తొందరపెడతారు. ఈ వృత్తిలో ఆదాయం అలాగే వస్తుంది. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటే ఖాళీ నెల గండం కాదు. అయితే మొత్తం ఆదాయంలో సగానికి పైగా ఒకే కాంట్రాక్టర్ నుంచి వస్తుంటే మాత్రం జాగ్రత్త. అది పీఎఫ్ లేని ఉద్యోగమే.

ఇప్పుడు మీ సంగతి. మూడిళ్ల ప్లాన్లు ఊరికే గీయించి ఇప్పించింది మీరు. ఆ ముగ్గురు ఇసుకకీ సిమెంటుకీ డబ్బు కట్టలేదా? కూతురి పనికి తండ్రే వెల కట్టకపోతే కాంట్రాక్టర్ ఎందుకు కడతాడు? పైగా ఆ ముగ్గురూ వాళ్లకు తెలిసినవాళ్లతో ‘వాళ్లమ్మాయి ఫ్రీగా గీస్తుంది’ అనే చెబుతారు. మీకు మొహమాటమైతే పక్కకు తప్పుకోండి, రేటు ఆమె చెబుతుంది. పగటిపూట పనిమధ్యలో రేషనుకీ గ్యాసుకీ ఆమెను పంపుతుంటే అది కూడా మానండి.

కాగితాలు ఈ నెలలోనే చేయించండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బు కట్టొద్దు. పని ఒప్పుకునే ముందే అది చేతిలో ఉంటే, చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం పని చేయించుకున్నవాళ్లు డబ్బు కట్టడానికి 45 రోజులకు మించి గడువు పెట్టలేరు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగొచ్చు. సేవలకు ఏడాదికి 20 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కంపెనీలకు చేస్తే సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు. అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆమె పేరున కనబడుతుంది, ఐటీ రిటర్ను వేస్తేనే తిరిగొస్తుంది. పన్ను పడకపోయినా ఏటా రిటర్ను వేయాల్సిందే, రేపు హోమ్‌లోన్‌కి వెళ్తే బ్యాంకు అడిగేది అవే. పీపీఎఫ్ ఖాతా 500తో తెరవచ్చు.

సంబంధాలవాళ్లకు చెప్పాల్సింది కూడా అక్కడే ఉంది. ‘సివిల్ ఇంజినీరు, సొంత ప్రాక్టీసు’ అనండి. రెండు రిటర్నులు చూపించగలిగితే నసగకుండా చెప్పగలరు. ‘ఖాళీగా ఉంది’ అని బంధువులతో అనడం మాత్రం ఈరోజే ఆపండి.

ఏడాది గడువు పెట్టుకోండి. ఖర్చులు పోను నెలవారీ సగటు 25 వేలు దాటిందా, కనీసం ముగ్గురు కాంట్రాక్టర్లు రెండోసారి పని ఇచ్చారా, ఈ రెండూ చూడండి. రెండూ లేకపోతే అదే కన్సల్టెన్సీలో పూర్తికాలం చేరిపోవచ్చు. అప్పటికి చూపించడానికి కట్టిన ఇళ్ల డ్రాయింగులుంటాయి, సైటు ఫోటోలతో సహా దాచమనండి.