కొత్త ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సస్టైనబిలిటీ మేనేజరుగా చేరుతున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మా రోజుల్లో ఆ పేరుతో ఉద్యోగం లేదు. కానీ అలాంటి ప్లాంటులోనే ఇరవై ఏళ్ళు యుటిలిటీస్, ఈటీపీ (వాడిన నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు) చూసుకున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

చేరిన రోజే నీ చేతిలో రిపోర్టు ఫార్మాట్ పెడతారు. టెన్షన్ పడకు. ముందు బోరు దగ్గర మొదలుపెట్టి నీళ్ళు ఎటు పోతే అటు నడు. ఐస్ ప్లాంటు, పీలింగ్ హాలు, ఈటీపీ, చివరికి వెనక గోడ అవతల డ్రెయిను. పగలు ఒకసారి, నైట్ షిఫ్టులో ఒకసారి.

నేను కొత్తలో అలా తిరగలేదు. ఈటీపీ లాగ్‌బుక్‌లోని రీడింగులు ఎత్తి రాసి నెలనెలా పైకి పంపేవాణ్ణి. ఒకరోజు తీరిగ్గా పేజీలు తిప్పితే నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత. మూడు షిఫ్టుల్లో ముగ్గురు రాయాల్సిన పుస్తకం అది. వెళ్ళి చూస్తే ఫ్లోమీటరు అద్దం లోపల చెమ్మ పట్టి ఉంది, అంకెలు కదలడం లేదు. ఆపరేటర్ని కేకలేశాను. అతను మాట్లాడకుండా సొరుగు తీసి, మీటరు మార్చమని రెండుసార్లు రాసిన ఇండెంట్ల నకళ్ళు చూపించాడు. వాటి మీద ఎవరూ సంతకం పెట్టలేదు. ఆ తర్వాత నా కళ్ళతో చూడని మీటరు అంకె ఎక్కడా రాయలేదు. నువ్వూ రాయకు.

కర్బన ఉద్గారాల లెక్కలో స్కోపులు 1, 2, 3 అంటారు. మనం కాల్చింది, మనం కొన్న కరెంటు, గేటు బయట మన సరుకు కోసం జరిగేది. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలో. చాలామంది మరిచిపోయేది కోల్డ్ రూముల్లో నింపే గ్యాసు. ఆర్-404ఏ ఒక్క కిలో లీకైతే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నింపిన బిల్లులు స్టోర్స్‌లో ఉంటాయి, అడిగి తీసుకో. మీది అమ్మోనియా ప్లాంటైతే ఈ లెక్క ఉండదు గానీ, అది లీకైతే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఇక మూడో స్కోపు బరువంతా చెరువుగట్టు మీదే ఉంటుంది: మేత, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు. అందుకని సరుకు కొనే ఫీల్డు కుర్రాళ్ళతో ముందే స్నేహం చేసుకో.

2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, బీఆర్ఎస్ఆర్ అనే పర్యావరణ, సామాజిక బాధ్యతల రిపోర్టు తప్పనిసరి చేసింది. మీ కంపెనీ అందులో లేకపోయినా కొనేవాళ్ళు అడుగుతారు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి ఎప్పుడు ముగుస్తుందో మాత్రం మొదటివారంలోనే చూసి రాసిపెట్టుకో.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇప్పుడు చెబుతాను. పీలింగ్ హాల్లో హోసుపైపులు ఊరికే పారుతుండేవి. "నీటిని పొదుపు చేయండి" అని గోడలనిండా బోర్డులు పెట్టించాను. మీటింగులు పెట్టాను. చుక్క తగ్గలేదు. చివరికి ఒకామెను పక్కకి పిలిచి అడిగాను. చలికి తెల్లగా నానిపోయిన వేళ్ళు చీరకి తుడుచుకుంటూ, "వాల్వు ఆ చివరి గోడ కాడుందండి. కట్టేసి వచ్చేలోపు నాకు కిలో పోద్దండి బాబూ" అంది. వాళ్ళకి ఒలిచిన కిలోని బట్టి కూలి. నీళ్ళు ఆపడానికి ఆమె తన కూలి వదులుకోవాలన్నమాట. అదే వారంలో ప్రతి పైపు చివరా నొక్కితేనే నీళ్ళొచ్చే గన్ను పెట్టించాను. నీళ్ళు తగ్గాయి, ఈటీపీ మీద భారం తగ్గింది, మోటార్ల కరెంటూ తగ్గింది. యజమాని దగ్గరికి ఆ మూడో సంగతి ముందు పట్టుకెళ్ళాను. నువ్వు కూడా అకౌంట్స్ వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఎంత ఖర్చు, ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది అని రూపాయల్లో చెప్పు.

జూన్ 5న పర్యావరణ దినమని మొక్కలు నాటమంటారు. నాటు. మరుసటి జూన్‌కి ఎన్ని బతికాయో లెక్కపెట్టి ఆ అంకే రిపోర్టులో రాయి.

మీ తాతయ్యది కాలువ చివరన ఉండే శివారు పొలం. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయింది, కాలువలు ఊరూరా వచ్చాయి. అయినా దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఆఖరి తడికి మన తూము దగ్గర రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని ఆయన కాపలా పడుకోవడం నేను చూశాను. పైవాళ్ళు ఏం చేసినా కిందవాడి మడిలో తెలుస్తుంది. మీ ప్లాంటుకి కూడా ఒక శివారు ఉంది. డ్రెయిను వెంట కిందికి వెళ్తే గేదెల్ని కడిగేవాళ్ళు, వల వేసేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళతో మాట్లాడు. నీళ్ళు ఎప్పుడు నల్లబడతాయో, ఎప్పుడు వాసనేస్తాయో వాళ్ళు గంటతో సహా చెబుతారు. ఆ గంటకి ఈటీపీ దగ్గర ఉండు.

వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్లో మంచినీళ్ళు కలవవు, మన నీళ్ళు ఎలా ఉన్నాయో అప్పుడు బాగా తెలుస్తుంది. మే మొదటివారంలో నేను వస్తాను. పొద్దున్నే ఇద్దరం గట్టు మీద నడుద్దాం. నీ లాగ్‌బుక్ కూడా తెచ్చుకో.

మీ మావయ్య