ఒకే యుద్ధాన్ని పదిసార్లు ఆడు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద ఆడాలని నీకు మనసైందని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఉత్తరంతో పాటు నువ్వు కొనాలనుకుంటున్న ఆటల జాబితా, బొమ్మల జాబితా కూడా పంపావు. వాటిని కొంతకాలం పక్కన పెట్టు. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ ఆటలతో గడిపినవాడిగా నేను చెప్పగలిగినది నిజానికి ఒక్కటే. ఒక యుద్ధాన్ని ఎంచుకుని దాన్నే పదిసార్లు ఆడు. ఐదుసార్లు ఒక పక్షాన, ఐదుసార్లు ఎదుటి పక్షాన కూర్చో.

ఎందుకంటావా? ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్, బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ ఎదురుపడిన వాటర్లూ యుద్ధం సంగతి చూడు. 1815 జూన్ 18న నెపోలియన్ దాడి మొదలుపెట్టేసరికి పొద్దున పదకొండు దాటింది. ఫ్రెంచి పక్షాన మొదటిసారి కూర్చున్న ప్రతివాళ్లూ తెల్లవారగానే దాడికి దిగాలని చూస్తారు. సాయంత్రంలోగా వెల్లింగ్టన్‌కు సాయంగా ప్రష్యన్ సైన్యం వచ్చి పడుతుందని మనకు ముందే తెలుసు కదా! కానీ రాత్రంతా కురిసిన వానకు నేల బురదైపోయింది. ఫిరంగులను లాగడం కష్టం. గట్టి నేల మీదైతే ఎగిరెగిరి దూసుకుపోవాల్సిన గుండు ఆ బురదలో దిగబడిపోతుంది. మంచి ఆటలో దీనికోసం ఒక చిన్న నియమం ఉంటుంది. చదివేటప్పుడు అది ఎవరికీ ఆనదు. ఆ నియమం వల్ల నీ మొదటి దాడి చెదిరిపోయాక, ఆ ఉదయం నెపోలియన్ ఎందుకు ఆగాడో అర్థమవుతుంది. రెండోసారి నువ్వూ ఆగుతావు, కానీ గడియారం చూస్తూ ఆగుతావు. మూడోసారి వెల్లింగ్టన్ స్థానంలో కూర్చుని, సాయం ఎప్పుడు వస్తుందా అని తూర్పు దిక్కుకే చూస్తుంటావు. మళ్లీ ఫ్రెంచి పక్షానికి వస్తే, ముందురోజు ప్రష్యన్లను తరమడానికి నెపోలియన్ తన సేనాని గ్రూషీ వెంట పంపిన 33 వేలమంది ఇక్కడ ఉంటే ఎంత బాగుండేదని ఒక ఆటలో అనిపిస్తుంది. వాళ్లను పంపకపోయి ఉంటే ప్రష్యన్లు ఇంకా ముందే వచ్చేవాళ్లేమో అని ఇంకో ఆటలో అనిపిస్తుంది. ఒక్కసారి ఆడి పెట్టె మూసేస్తే ఇవేవీ చేతికందవు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ సేనాపతులకు తెలియనిది మనకు తెలుసు. క్రీస్తుపూర్వం 216లో ఇటలీలోని కానే దగ్గర కార్తేజ్ సేనాపతి హన్నిబాల్ తన సైన్యం మధ్యభాగాన్ని మెల్లగా వెనక్కి జరగనిచ్చి, లోపలికి చొచ్చుకొచ్చిన రోమన్లను చుట్టుముట్టేశాడు. ఆ కథ చదివినవాళ్లెవరూ బల్ల దగ్గర మధ్యలోకి వెళ్లరు. నేనొకసారి అదే యుద్ధాన్ని పేరు చెప్పకుండా, మ్యాప్ తిప్పి, సైన్యాల రంగులు మార్చి ఒక మిత్రుడి ముందు పెట్టాను. చరిత్ర బాగా చదివినవాడే అయినా రోమన్లలాగే నేరుగా మధ్యలోకి దూసుకుపోయాడు. ఆట అయ్యాక అది కానే అని చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మేమిద్దరం రోమన్లను తెలివితక్కువవాళ్లని ఎప్పుడూ అనలేదు. ఇలా యుద్ధం పేరు దాచి పెట్టడం, సహాయక సైన్యం ఏ వంతులో వస్తుందో పాచిక వేసి తేల్చడం నువ్వూ నేర్చుకో.

దాపరికం ఈ ఆటలకు పుట్టుకతోనే ఉంది. 1824లో ప్రష్యన్ సైన్యాధికారి రైస్విట్స్, తండ్రి మొదలుపెట్టిన ఆటకు మెరుగులు దిద్ది, యుద్ధవ్యూహాలు చూసే పై అధికారుల బృందమైన జనరల్ స్టాఫ్‌కు చూపించాడు. అందులో ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఒక అంపైర్ ఉంటాడు. ఆటగాళ్లు ఆజ్ఞలు రాసి ఇస్తారు, అక్కడున్న అధికారి కంటికి ఏది కనబడుతుందో అంతే అంపైర్ వాళ్లకు చూపిస్తాడు. 1942లో లివర్‌పూల్‌లో బ్రిటిష్ నౌకాదళం ఒక గది నేలనే అట్లాంటిక్ సముద్రంగా చేసి, జర్మన్ జలాంతర్గాముల ఎత్తులను ఆడి చూసింది. సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే రక్షణ నౌకలు నడిపే అధికారులు తెరల వెనక నిలబడి చిన్న సందులోంచి మాత్రమే చూడాలి. ఆ ఆట నడిపిన బృందంలో ఎక్కువమంది నీ ఈడు అమ్మాయిలే. జలాంతర్గామి ఆ సరుకు ఓడల వరుసల మధ్యకు వచ్చి దెబ్బకొట్టి, మునిగి వెనకనుంచి జారిపోతోందని తేల్చింది అక్కడే. దాన్ని పట్టే ఉపాయం పుట్టిందీ అక్కడే. ఈ ఆట నీకెందుకని ఎవరైనా అడిగితే ఆ గది గురించి చెప్పు.

బోర్డు ఆటా, బొమ్మలా అని అడిగావు. నన్నడిగితే ముందు బోర్డు. పెట్టె తెరిచిన రోజే ఆడుకోవచ్చు. అమెరికా అంతర్యుద్ధం మీద వచ్చిన 1961 నాటి గెటిస్‌బర్గ్ ఆట నుంచి మ్యాప్ మీద గళ్లు ఆరు పక్కలతో ఉండటం వాడుకలోకి వచ్చింది. చదరపు గళ్లలో మూలగా నడిస్తే దూరం ఎక్కువ పడుతుంది. ఆరు పక్కల గడిలో ఎటు జరిగినా ఒకటే దూరం. అట్టముక్క మీద అచ్చువేసిన అంకెలు బలాన్నీ నడకనూ చెబుతాయి. దాడి చేసేటప్పుడు మన బలాన్ని ఎదుటివాళ్ల బలంతో పోల్చి, ఒకటికి మూడింతలా, రెండింతలా అని చూసుకుని పాచిక వేసి పట్టికలో ఫలితం చదువుతాం. మూడింతల బలం ఉన్నా కొన్నిసార్లు దాడి విఫలమవుతుంది. అప్పుడు పాచికను తిట్టుకోకు. ఆ ఒక్క దాడి మీదే అంతా ఎందుకు పెట్టుకున్నానా అని ఆలోచించు.

రూల్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవబోకు. వంతులో ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస, కదలిక, దాడి, ఈ మూడు చూసుకుని ముక్కలు పరిచెయ్యి. మిగతావి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు. మొదటి ఆట చిన్నదిగా ఉండాలి. పక్షానికి పది పన్నెండు ముక్కలు, గంటా గంటన్నర. కుర్రతనంలో నేను వందల ముక్కల ఆట ఒకటి పరిచి, ఆరు వారాలు బల్లను కదలనివ్వకుండా ఉంచి, మూడోసారి వంతు దాటకుండానే ఎత్తేశాను. పూర్తయిన చిన్న ఆట నేర్పినంత, ఆగిపోయిన పెద్ద ఆట నేర్పదు.

బొమ్మల దారి వేరు. అక్కడ సైన్యాన్ని నువ్వే తయారుచేసుకోవాలి. బొమ్మ ఎత్తును బట్టి 6 మిల్లీమీటర్ల నుంచి 28 మిల్లీమీటర్ల దాకా రకరకాల సైజులు ఉన్నాయి. చిన్నవాటిలో సైన్యం సైన్యంలా కనిపిస్తుంది, పెద్దవాటిలో మనిషి మనిషిలా కనిపిస్తాడు. మొదటి సైన్యానికి 15 మిల్లీమీటర్లు మంచిది. ప్రాచీన, మధ్యయుగ యుద్ధాల కోసం 1990లో వచ్చిన డీబీఏ అనే నియమాల ప్రకారం పక్షానికి 12 దళాలు చాలు, 60 సెంటీమీటర్ల చదరం మీద ఆట అయిపోతుంది. రెండు పక్షాల బొమ్మలూ నువ్వే సిద్ధం చేసుకో. అప్పుడు చేతిలో సైన్యం లేనివాళ్లు కూడా వచ్చి నీతో ఆడగలరు.

రంగులు వేయడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ముందు అచ్చు వల్ల బొమ్మ మీద మిగిలిన అతుకుల గీతలు గీకి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. రంగు పట్టడానికి ముందుగా వేసే పూత, ప్రైమర్, పలచగా పట్టించు. అసలు రంగు వేసి, దాని మీద బాగా పలచన చేసిన ముదురు రంగు పారనివ్వు. అది మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. ఆరాక ఎత్తుగా ఉన్న చోట్ల లేత రంగు తాకించు. అంతే. చేయిచాపు దూరంలో బాగుంటే బాగున్నట్టే. చూసేవాళ్ల కన్ను ముఖం మీద, జెండా మీద, పీఠం అంచు మీద పడుతుంది కాబట్టి శ్రద్ధంతా వాటి మీద పెట్టు. ఒక్కో బొమ్మను పూర్తిచేస్తూ కూర్చోకు. పది బొమ్మలకు ఒకే రంగు వరసగా వేసుకుంటూ పో. కుంచె మొన కోసం నోట్లో పెట్టుకునే అలవాటు మాత్రం చేసుకోవద్దు. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు కడుక్కో. స్ప్రే చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. చివర వార్నిష్ వేయకపోతే నాలుగు ఆటలకే ముఖాలు చెరిగిపోతాయి.

ఎదుటి ఆటగాడు దొరకడం ఆట దొరకడం కన్నా కష్టం. దొరికినవాళ్లను నిలుపుకో. నియమం అర్థం కానిచోట ఇద్దరూ చెరో అర్థం చెప్పి, పాచిక వేసి తేల్చుకుని ముందుకు సాగండి. పుస్తకం రేపు చూసుకోవచ్చు. కొత్తవాళ్లు పొరపాటున ముక్కను వదిలేస్తే గుర్తుచెయ్యి. ఎవరూ దొరక్కపోతే ఒక్కదానివే ఆడు. కుర్చీ మారిన ప్రతిసారీ లేచి బల్లకు అటువైపు వెళ్లి కూర్చో. ఆ నాలుగడుగులు నడిస్తే ఆలోచన కూడా మారుతుంది.

నీ అట్టముక్క ఒక్కొక్కటీ వందలమందో, వేలమందో మనుషులు. మ్యాప్ మీంచి ముక్కను తీసి పక్కన పెట్టేటప్పుడు అది గుర్తుండాలి. ఆడిన యుద్ధం గురించి, అందులో నడిచిన మామూలు సిపాయి రాసుకున్న ఉత్తరాలో, జ్ఞాపకాలో దొరికితే తప్పక చదువు. నేను ప్రతి ఆట తర్వాతా అలా చదువుతాను.

ఫోనుల్లేని రోజుల్లో దూరాన ఉన్నవాళ్లు ఉత్తరాల మీదే ఆడేవాళ్లు. పాచిక వేస్తే ఎదుటివాళ్లు నమ్మాలి కదా, అందుకని ముందే చెప్పుకున్న తేదీనాటి పత్రికలో వచ్చే షేర్ మార్కెట్ అంకెల్లో చివరిదాన్ని పాచికగా తీసుకునేవాళ్లు. మనమూ అలాగే ఆడదాం. నీ దగ్గరికి చేరే మొదటి ఆట ఏదైనా సరే, అదే నేనూ తెచ్చుకుంటాను. పక్షం నువ్వే ఎంచుకో. ముక్కలు పరిచి, గడుల నంబర్లతో మొదటి వంతు రాసి పంపు. ఐదు ఆటలయ్యాక పక్షాలు మార్చుకుందాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న