40 లక్షలకు మామూలు బ్రాండ్ టాప్ మోడలా, వాడిన జర్మన్ కారా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కొండాపూర్. భార్యాభర్తలం ఇద్దరం ఐటీ ఉద్యోగులం. నెలకు చేతికొచ్చేది 2.90 లక్షలు. హోమ్ లోన్ ఈఎంఐ 84 వేలు, ఇద్దరు పిల్లల ఫీజులు నెలకు సగటున 30 వేలు, ఇంటి ఖర్చు పెట్రోలుతో కలిపి 65 వేలు, సిప్‌లు 50 వేలు. ఎఫ్‌డీల్లో 22 లక్షలున్నాయి. 2018 హ్యాచ్‌బ్యాక్ అమ్మితే 4.5 లక్షలు వస్తుంది. అదే కంపెనీ పెద్ద ఎస్‌యూవీ నచ్చింది, ఎక్స్ షోరూమ్ ధర 40 లక్షలు. ‘చిన్న కార్లమ్మే కంపెనీకి అంత పెడతావా బావా, 55 లక్షల జర్మన్ కారు మూడేళ్ళు తిరిగింది 33 లక్షలకు దొరుకుతోంది, అది తీసుకో’ అంటున్నాడు మా బావమరిది. మామూలు కంపెనీ కారు లగ్జరీ కారుకు సాటి వస్తుందా? ఏది కొనమంటారు?

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. ముందు అది తేలుద్దాం.

కారు వరకే చూస్తే మామూలు బ్రాండ్లు లగ్జరీకి చాలా దగ్గరికొచ్చాయి. గాలి ఆడే సీట్లు, 360 డిగ్రీల కెమెరా, పనోరమిక్ సన్‌రూఫ్, ముందు బండి ఆగితే తనంతట తనే బ్రేకు వేసే ఏడాస్, ఇవన్నీ ఇప్పుడు 20 లక్షల కార్లలోనే వస్తున్నాయి. తేడా కంటికి కనపడని చోట ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందకు పైన వెళ్తున్నప్పుడు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంది, బ్రిడ్జి జాయింట్ దాటినప్పుడు వెనక సీట్లో కుదుపు ఒక్కసారితో ఆగిందా, రెండు మూడు ఊగులు ఊగిందా అన్నది చూడండి. టెస్ట్ డ్రైవ్‌లో కాసేపు స్టీరింగ్ వదిలి వెనక సీట్లో కూర్చుంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

బ్యాడ్జి సంగతి మాత్రం వేరు, అది తయారీదారులకే బాగా తెలుసు. హోండా 1986లో అక్యూరా అని, టొయోటా 1989లో లెక్సస్ అని, హ్యుందాయ్ 2015లో జెనిసిస్ అని వేరే పేర్లు పెట్టుకున్నాయంటే, తమ పేరు మీద అంత ధర పలకడం కష్టమని ఒప్పుకున్నట్టే. అలా పేరు మార్చుకోకుండా ఫోక్స్‌వ్యాగన్ 2002లో ఫేటన్ తెచ్చింది. బెంట్లీ కాంటినెంటల్ జీటీతో చాలా భాగాలు పంచుకున్న కారది. అయినా అనుకున్నట్టు అమ్ముడుపోలేదు, 2016లో ఆపేశారు. మన దగ్గర మారుతీ 2011లో కిజాషి అనే సెడాన్‌ను జపాన్ నుంచి దిగుమతి చేసి 16 లక్షల పైన ధర పెట్టింది. కారు మంచిదే, కొన్నవాళ్ళే లేరు. 2015లో నెక్సా పేరుతో వేరే షోరూములు తెరవడం వెనక ఉన్నది కూడా ఇదే ఆలోచన.

మరి ఎవరూ నెగ్గలేదా అంటే, నెగ్గారు. టొయోటా ఫార్చ్యూనర్‌కు మన రోడ్ల మీద ఉన్న గౌరవం చాలా జర్మన్ కార్లకు లేదు, సెకండ్ హ్యాండ్ ధర కూడా గట్టిగా నిలుస్తుంది. పది పన్నెండు లక్షలకు సెల్టోస్ అమ్మే కియా 2024లో కొత్త కార్నివాల్‌ను 63.90 లక్షలకు తెచ్చింది. పిల్లలు, పెద్దవాళ్ళు, సామానుతో ఇంటిల్లిపాది ప్రయాణం చేసేవాళ్ళకు ఆ సైజులో జర్మన్ బ్రాండ్లు ఇచ్చేది దాదాపు ఏమీ లేదు కాబట్టే అంత ధర అడగగలిగింది.

కాబట్టి బ్రాండ్ చిన్నదా పెద్దదా అన్నది పక్కన పెట్టి రెండు విషయాలు కనుక్కోండి. మీకు నచ్చిన ఆ మోడల్ మన ఊళ్ళో ఎన్ని తిరుగుతున్నాయి? దాని ఇంజిన్, గేర్‌బాక్స్ అదే కంపెనీ వేరే ఏ కార్లలో వాడుతోంది? మారుతీ ఇన్విక్టో అచ్చంగా టొయోటా ఇన్నోవా హైక్రాసే, తయారయ్యేదీ టొయోటా బిడది ప్లాంటులోనే. పదేళ్ళ తర్వాత కూడా దానికి పార్టుల బెంగ ఉండదు. అదే, ఒక కంపెనీ ఏడాదికి కొన్ని వందల చొప్పున దిగుమతి చేసి అమ్మే ఎస్‌యూవీ అయితే, ఆ కంపెనీ మోడల్ ఆపేసిన రోజే మీ కారు ధర కూలుతుంది. 2020 డిసెంబరులో గ్రేటర్ నోయిడా ప్లాంటు మూసి హోండా సివిక్, సీఆర్‌వీలను మన దేశంలో ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీయే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు దొరుకుతుంది, కానీ అమ్మబోతే కొనేవాడు ముందు ఆ మాటే ఎత్తుతాడు. మీరు చూసిన 40 లక్షల మోడల్ ఈ రెండో రకందైతే వదిలేయండి, అది ఎంత ముద్దొచ్చినా సరే.

ఇక డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంటే 40 లక్షల ఎక్స్ షోరూమ్ ధరలో కారు విలువ 28.57 లక్షలే, మిగతా 11.43 లక్షలు జీఎస్టీ. ఆ 40 లక్షల మీద తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 20 శాతం, అంటే 8 లక్షలు. పాత కారు మీ పేరు మీద ఉండగానే రెండోది రిజిస్టర్ చేస్తే ఇంకో 2 శాతం పడుతుంది, అందుకే హ్యాచ్‌బ్యాక్‌ను ముందే అమ్మి పేరు మార్పించండి. ఇన్సూరెన్స్ 1.40 లక్షలు అనుకుందాం. 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కింద 40 వేలు. మొత్తం ఆన్ రోడ్ 49.8 లక్షలు. షోరూమ్ వాళ్ళు యాక్సెసరీలు, ‘హ్యాండ్లింగ్ చార్జీలు’ అని కలిపేవి ఇందులో లేవు, అవి కట్టక్కర్లేదు.

ఆ 49.8 లక్షల కారు ఐదేళ్ళకు ఎంత పలుకుతుంది? ఇన్సూరెన్స్ కంపెనీలు ఐడీవీ (కారుకు కట్టే బీమా విలువ) లెక్కగట్టే పట్టిక దగ్గర పెట్టుకుంటే ఒక అంచనా వస్తుంది. ఏడాదికి 15 శాతం, రెండేళ్ళకు 20, మూడేళ్ళకు 30, నాలుగేళ్ళకు 40, ఐదేళ్ళకు 50 శాతం తరుగు, అదీ ఎక్స్ షోరూమ్ ధర మీద. అంటే ఐదేళ్ళ చివర 20 లక్షలు. ట్యాక్సులు తిరిగి రావు కాబట్టి కరిగింది 29.8 లక్షలు, నెలకు 49 వేల పైన.

ఈ లెక్కలో బావమరిదికి బలం ఉంది. 55 లక్షల కారు 33 లక్షలకు వస్తోందంటే పెద్ద తరుగు మొదటి ఓనరే భరించాడు. టీజీ లేదా టీఎస్ రిజిస్ట్రేషన్ కారైతే లైఫ్ ట్యాక్స్ కూడా ఆయనే కట్టేశాడు, మీకు ఆ ఖర్చు లేదు. కానీ ఢిల్లీ నుంచి వచ్చిన చవక డీజిల్ కారైతే ఆ మాట మర్చిపోండి. అక్కడ డీజిల్‌కు పెట్టిన పదేళ్ళ నిబంధన భయంతో చాలా కార్లు అగ్గువకు అమ్మకానికొచ్చాయి. ఇక్కడికి తేవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవాలి, కారు వయసును బట్టి తెలంగాణ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, లోన్ ఉంటే ఫారం 35తో హైపాథికేషన్ (ఆర్‌సీ మీద అప్పిచ్చిన బ్యాంకు పేరు) తీయించాలి. చవకదనం సగం అక్కడే పోతుంది.

మిగతా సగం వర్క్‌షాపులో పోతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అనే మాట పాత లగ్జరీ కారుకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే కారు ధర సగానికి పడిపోయినా దాని పార్టు ధర ఒక్క రూపాయి తగ్గదు. అమ్మింది 33 లక్షలకైనా రిపేరు మాత్రం 55 లక్షల కారుకే. చాలా బీఎండబ్ల్యూలకు స్టెప్నీ ఉండదు, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లుంటాయి. మన గుంతల్లో పక్కగోడ ఉబ్బిందంటే ప్యాచ్ కుదరదు, టైరే మార్చాలి, ఒక్కోటి పాతిక వేల పైమాటే. అడాప్టివ్ ఎల్ఈడీ హెడ్‌ల్యాంప్‌లో ఒక్క మాడ్యూల్ పోయినా మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు, లక్ష దాటుతుంది. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేర్లు మార్పించే మెకట్రానిక్స్ యూనిట్ పోతే ఒక్క బిల్లే లక్షల్లో ఉంటుంది. కంపెనీ వారంటీ రెండు మూడేళ్ళే కాబట్టి, సరిగ్గా అది ముగిసినప్పుడే ఇవి అమ్మకానికొస్తాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ బదిలీ కాని కారును మీలాంటి ఈఎంఐ ఉన్న కుటుంబానికి నేను అసలు చెప్పను.

ఒకవేళ చూడ్డానికి వెళ్తే రెండు పనులు మాత్రం తప్పక చేయండి. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అడిగి నో క్లెయిమ్ బోనస్ గడి చూడండి. మూడేళ్ళు ఏ క్లెయిమూ లేని కారుకు, అదే ఓనరు దగ్గరుంటే, నాలుగో ఏడాది పాలసీలో 35 శాతం ఉండాలి. సున్నా అనో 20 అనో ఉంటే ఎక్కడో దెబ్బ తగిలింది, లేదా మధ్యలో ఓనర్ మారాడు. తర్వాత ముందు సీటు బెల్టును చివరికంటా లాగండి. షోరూములో కారునంతా కడుగుతారు, పాలిష్ పెడతారు, సీట్లు షాంపూతో రుద్దుతారు, కానీ రీల్ లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి రెండడుగుల బెల్టును ఎవరూ కడగరు. అక్కడ అడ్డంగా మట్టి రంగు గీత కనిపిస్తే ఆ కారులోకి నీళ్ళు సీటు దాకా వచ్చాయని అర్థం. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద తడి వాసన కూడా దానికి తోడవుతాయి. 2020 అక్టోబరు వానలకు సెల్లార్లలో మునిగిన కార్లెన్నో ఈ ఊళ్ళో ఉన్నాయి, ఏటా కొన్ని కొత్తగా చేరుతూనే ఉన్నాయి. అలాంటి కారులో వైరింగ్ ఏడాది తర్వాత కుళ్ళి, ఒక్కో సెన్సారూ పోతూ వస్తుంది, ఏ వారంటీ వర్తించదు.

ఇప్పుడు మీ జేబు. 22 లక్షల ఎఫ్‌డీలన్నీ కారుకు పెట్టకూడదు. ఇద్దరిదీ ఒకే రంగం, ఉద్యోగాలు ఒకేసారి ఊగే రంగం. ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 1.79 లక్షలు, ఆరు నెలలకు 10.74 లక్షలు. అది కదిలించకండి. మిగిలిన 11 లక్షల చిల్లర, పాత కారు 4.5 లక్షలు, మొత్తం 15.5 లక్షలు డౌన్ పేమెంట్. 49.8 లక్షల కారుకు ఇంకా 34.3 లక్షల అప్పు కావాలి. 9 శాతం వడ్డీకి ఐదేళ్ళైతే ఈఎంఐ 71,200. మీ లెక్క ప్రకారం నెలకు మిగిలేది 61 వేలు. షోరూములో ఏడేళ్ళకు సాగదీసి 55,200 చేసి చూపిస్తారు. అప్పుడు వడ్డీయే 12.1 లక్షలవుతుంది, పైగా హ్యాచ్‌బ్యాక్ కంటే ఎక్కువయ్యే పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి నెలకు ఇంకో 18 వేలు ఎక్కడినుంచి తెస్తారు? సిప్‌లు ఆపి. పిల్లల చదువుల డబ్బు అది, దాన్ని ముట్టుకోవద్దు.

కారు ఈఎంఐ, పెరిగే ఖర్చు కలిపి చేతికొచ్చే జీతంలో 20 శాతం, అంటే మీకు 58 వేలు దాటకూడదన్నది నా గీత. 18 వేలు తీసేస్తే ఈఎంఐకి 40 వేలు. ఐదేళ్ళకు 19 లక్షల అప్పు వస్తుంది. డౌన్ పేమెంట్ కలిపితే ఆన్ రోడ్ 34.5 లక్షలు, అంటే ఎక్స్ షోరూమ్ 27.5 లక్షల దాకా. నిజానికి మామూలు బ్రాండ్లు బలంగా ఉన్న చోటు ఇదే. ఈ ధరలో వాటి టాప్ వేరియంట్లు ఎక్కువగా తిరుగుతున్న ఇంజిన్లతోనే వస్తాయి, లగ్జరీ బ్రాండ్లు ఈ ధరలో కొత్త కారు ఇవ్వలేవు, పోటీ లేదు. బావమరిది చెప్పిన కారు ధర కూడా ఇంచుమించు ఈ మొత్తానికే వస్తుంది కాబట్టి రెండింటినీ ఇక్కడే పక్కపక్కన పెట్టి చూడండి. నా ఓటు కొత్త కారుకే, బలమైన హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది) అయితే మరీ మంచిది.

ఎలక్ట్రిక్ గురించి మీరు అడగలేదు, కానీ హైదరాబాద్‌లో అడగాల్సిన ప్రశ్న అది. జీఎస్టీ 5 శాతమే, పైగా 2026 డిసెంబరు 31 వరకు రిజిస్టరయ్యే వాటికి తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ పూర్తి మినహాయింపు, ధర పరిమితి లేదు. 27.5 లక్షల ఎలక్ట్రిక్ కారుకు మీకు 5.50 లక్షలు మిగులుతాయి. ముందు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి పార్కింగ్‌లో చార్జర్‌కు రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి, అది లేకుండా బుక్ చేయొద్దు. అప్పు వడ్డీకి ఆదాయపు పన్నులో 80ఈఈబీ మినహాయింపు వస్తుందని సేల్స్‌మన్ అంటే నమ్మకండి, 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే అది.

రేపు ఆఫీసులో హెచ్ఆర్‌ను కార్ లీజ్ స్కీమ్ ఉందా అని కూడా అడగండి. ఉంటే అద్దె ట్యాక్స్ పడకముందే జీతం నుంచి పోతుంది, మీ స్లాబులో అది చెప్పుకోదగ్గ మొత్తం. ఉద్యోగం మారితే లీజు మూయడానికి ఎంత కట్టాలో ఆ క్లాజు చదివాకే సంతకం పెట్టండి. మామూలుగా కొంటే ఇన్సూరెన్స్‌కు షోరూమ్ బయట రెండు కొటేషన్లు తెచ్చుకుని బేరమాడండి. జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్ రెండూ ఉండాలి. జీరో డెప్ లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మీరే కట్టాలి. ఇంజిన్ ప్రొటెక్ట్ లేకపోతే నీళ్ళల్లో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైనప్పుడు క్లెయిమ్ కొట్టేస్తారు. కట్టిన టీసీఎస్ 27,500 ఫారం 26ఏఎస్‌లో మీ పాన్ మీద కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుకోండి.